పాత కోత తర్వాత మామూలు కాన్పు: దాచుకోవాల్సిన కాగితం, అడగాల్సిన ప్రశ్నలు

వాడల్లో చాలా ఇళ్లలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్కు అన్నీ అందులోనే. మొదటి కాన్పు ఆపరేషన్‌తో అయి ఉంటే ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం కూడా అందులోనే మడతపెట్టి ఉంటుంది. ఆ కాగితం మీద నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి: ఎల్.ఎస్.సి.ఎస్. గర్భసంచి కింది భాగంలో కోసి బిడ్డను తీశారని వాటి అర్థం. రెండో కాన్పు ఎలా కావచ్చో తేల్చడానికి డాక్టర్లు మొదట చూడాల్సింది ఈ వివరమే. కానీ ఆ అక్షరాలను చదివి అర్థం చెప్పేవాళ్లు ఆ తల్లికి దొరకరు. రెండోసారి కడుపుతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకటే మాట వినిపిస్తుంది: "ముందు ఆపరేషనా? అయితే ఇప్పుడూ ఆపరేషనే."

ఆ మాట కొందరి విషయంలో నిజం. చాలామంది విషయంలో నిజం కాదు. ఎవరి విషయంలో ఏది నిజమో తెలుసుకోవడానికి పనికొచ్చే సమాచారం ఈ వ్యాసంలో ఉంది. ఆపరేషన్ వద్దని చెప్పడం దీని ఉద్దేశం కాదు. తల్లికి విషయం చెప్పకుండా, ఆమెను అడగకుండా నిర్ణయం జరిగిపోకూడదని చెప్పడమే ఉద్దేశం.

ఇది ఎంతమంది సమస్య

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వంలో 26.6 శాతం. దేశం మొత్తం మీద సిజేరియన్ల రేటు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

కాన్పుల్లో ఇంతమందికి కోత పడుతోందంటే, రెండో కాన్పుకు పాత కోతతో వచ్చే తల్లులు రెండు రాష్ట్రాల్లోనూ లక్షల్లో ఉంటారు. వారిలో దళిత స్త్రీలు ఎందరు, వారికి ఏ ఆసుపత్రిలో ఏం జరుగుతోంది అన్నది ఈ సర్వే రాష్ట్రాల వారీ ఫ్యాక్ట్‌షీట్లలో కనపడదు. వాటిలో పట్టణం, పల్లె అనే విభజన ఉంటుంది గానీ కులం ఉండదు.

కూలి మీద బతికే ఇంటికి రెండో ఆపరేషన్ అంటే కడుపు మీద ఇంకో గీత మాత్రమే కాదు. పత్తి ఏరే రోజుల్లోనో నాట్ల రోజుల్లోనో వారాల తరబడి కూలి పోతుంది. బరువు ఎత్తలేదు, బిందె మోయలేదు. ప్రైవేటులో అయితే అప్పు. మూడో కాన్పు వస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

"ఒకసారి కోస్తే ఎప్పుడూ కోతే" ఎక్కడి నుంచి వచ్చింది

ఈ సూత్రం 1916లో న్యూయార్క్ డాక్టర్ ఎడ్విన్ క్రేగిన్ రాసిన ఒక వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. అప్పట్లో గర్భసంచిని పై భాగంలో నిలువుగా కోసేవారు. నొప్పుల్లో గట్టిగా ముడుచుకునే కండరం అదే కాబట్టి పాత కుట్టు విడిపోయే భయం ఎక్కువగా ఉండేది. 1920లలో గ్లాస్గో డాక్టర్ మన్రో కెర్ వంటివారు కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. ఆ భాగం పలచగా ఉంటుంది, నొప్పుల్లో అంతగా ముడుచుకోదు. కుట్టు బాగా మానుతుంది. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో జరిగే సిజేరియన్లలో అత్యధికం ఇవే. కోసే పద్ధతి మారి వందేళ్లు కావస్తున్నా పాత సూత్రం మాత్రం పోలేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. చర్మం మీద కనిపించే గీతను బట్టి లోపల సంచిని ఎలా కోశారో చెప్పలేం. పొట్ట మీద గీత అడ్డంగా ఉన్నా లోపల కోత నిలువుగా ఉండొచ్చు. పొట్ట మీద నిలువుగా ఉన్నా లోపల అడ్డంగా ఉండొచ్చు. అందుకే కాగితం కావాలి.

లెక్కలు చెప్పేది

అమెరికాలోని పెద్ద బోధనాసుపత్రుల్లో జరిగిన ఒక అధ్యయనం 2004లో అచ్చయింది. పాత కోత ఉండి, మామూలు కాన్పుకు ప్రయత్నించిన 17,898 మందిని అందులో పరిశీలించారు. వారిలో 73.4 శాతం మందికి మామూలు కాన్పే అయింది. పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లింది 0.7 శాతం మందికి, అంటే వెయ్యికి ఏడుగురికి. నొప్పులు వాటంతటవే వచ్చినవారిలో అది 0.4 శాతం. మందులతో నొప్పులు తెప్పించినవారిలో 1 శాతం.

సంచి చిట్లితే నిమిషాల్లో ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే బిడ్డ ప్రాణం, ఒక్కోసారి తల్లి ప్రాణం పోతుంది. ప్రయత్నం మధ్యలో విఫలమై ఆపరేషన్ చేయాల్సి వస్తే, ముందే తేదీ పెట్టుకుని చేయించుకున్నదానికంటే ఇబ్బందులు ఎక్కువ. పైగా ఈ లెక్కలన్నీ మత్తు డాక్టరు, రక్తం, థియేటరు రాత్రీ పగలూ సిద్ధంగా ఉన్న ఆసుపత్రులవి. అవి లేని చోట ఈ అంకెలు వర్తించవు.

మళ్లీ మళ్లీ కోయడానికీ ప్రమాదం ఉంది. కోత పెరిగినకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే అవకాశం పెరుగుతుంది. 30 వేల మందికి పైగా తల్లుల మీద జరిగి 2006లో వచ్చిన మరో అమెరికా అధ్యయనం ప్రకారం, మాయ కిందికి ఉన్న తల్లుల్లో ఒక పాత కోత ఉంటే 11 శాతం మందికి, రెండు ఉంటే 40 శాతం మందికి మాయ అలా అతుక్కుపోయింది. అలాంటప్పుడు విపరీతంగా రక్తం పోతుంది. గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు.

ఎవరికి వీలు, ఎవరికి కాదు

మామూలు కాన్పు అవకాశం బాగా ఉన్నవారు: ఒకే కోత, అదీ సంచి కింది భాగంలో అడ్డంగా ఉన్నవారు, ఇంతకుముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయినవారు, మొదటి ఆపరేషన్‌కు కారణం మళ్లీ రాని కారణం అయినవారు. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోశారనుకుందాం. ఈసారి తల కిందికి ఉంటే ఆ కారణం లేనట్టే. ముందు ఒక మామూలు కాన్పు అయి ఉంటే విజయావకాశం 85 నుంచి 90 శాతం దాకా ఉంటుంది.

అవకాశం కాస్త తగ్గేవారు: నొప్పులు వచ్చి కూడా బిడ్డ దిగలేదని, "దారి చాలదు" అని మొదటిసారి కోసినవారు. అయితే వీరికి అవకాశం పూర్తిగా పోయినట్టు కాదు. బిడ్డ బరువు ఎక్కువగా ఉన్నా, నొప్పులు వాటంతటవి రాకపోయినా అవకాశం తగ్గుతుంది.

ప్రయత్నించకూడనివారు: సంచి పై భాగంలో నిలువు కోత పడినవారు, ఇంతకుముందు సంచి చిట్లినవారు, మాయ దారికి అడ్డంగా ఉన్నవారు, బిడ్డ అడ్డంగా తిరిగి ఉన్నవారు. రెండు కోతలున్నవారి విషయం పెద్ద ఆసుపత్రిలో సీనియర్ డాక్టరు చూసి చెప్పాలి.

మొదటి ఆపరేషన్‌కు చెప్పిన కారణాన్ని కూడా ఒకసారి గుర్తుచేసుకోండి. "పేగు మెడకు చుట్టుకుంది" అన్నారా? బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం మామూలు కాన్పుల్లోనూ తరచుగా కనిపించేదే. అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. ముహూర్తం కోసం కోశారా? అది వైద్య కారణమే కాదు. ఈసారి దాని పేరు మీద ఇంకో కోతకు ఒప్పుకోవాల్సిన పని లేదు.

సిద్ధమవడం కాన్పు రోజు నుంచే మొదలవుతుంది

మొదటి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చే ముందే మూడు విషయాలు కాగితం మీద ఉండేలా చూసుకోవాలి: ఎందుకు కోశారు, సంచిని ఎక్కడ ఎలా కోశారు, తర్వాతి కాన్పుకు మామూలుగా ప్రయత్నించవచ్చా. ఆ కాగితం పోతే మళ్లీ అడగొచ్చు. వైద్యుల నైతిక నియమావళి 2002 ప్రకారం ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేసినవారి రికార్డులను మూడేళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇల్లు కురిసినా, చెదలు పట్టినా ఫొటో మిగులుతుంది.

కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ముఖ్యం. ఆ ఎడం ఏడాదిన్నరకంటే తక్కువైతే కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. రెండేళ్లు దాటితే మంచిది. కాపర్-టి, అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. "ఆపరేషన్ చేయించుకో, లేదంటే ఏమీ లేదు" అనే మాట వింటే ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో వీటి గురించి అడగండి.

గర్భం నిలిచాక మొదటి మూడు నెలల్లోనే పేరు నమోదు చేయించుకుని, పాత ఆపరేషన్ సంగతి తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద రాయించుకోండి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలకు వెళ్తే డాక్టరే చూస్తారు. ఆ రోజు పాత కాగితం వెంట తీసుకెళ్లండి.

రక్తం సంగతి వేరుగా చెప్పుకోవాలి. అదే సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. గర్భిణిలో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రమైన ప్రమాదం. మామూలు కాన్పు అయినా, మధ్యలో ఆపరేషన్ అయినా, రక్తం తక్కువ ఉన్న తల్లి కొంచెం రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. ఐరన్ మాత్రలు కనీసం 180 రోజులు వేసుకోవాలి. మాత్రలు పడకపోతే, ఏడో నెలకు కూడా హిమోగ్లోబిన్ పెరగకపోతే, నరానికి ఎక్కించే ఐరన్ గురించి డాక్టర్ని అడగాలి.

ఎనిమిదో నెలలో స్కానింగ్‌లో ఈ విషయాలు అడిగి తెలుసుకోండి: మాయ ఎక్కడుంది, పాత కుట్టు మీద ఉందా, బిడ్డ తల కిందికి ఉందా. తొమ్మిదో నెల పడ్డాక ఆసుపత్రికి దూరంగా ఉండొద్దు. పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉంటే, ఆ ఊరి నుంచి ఏ ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ముందే చూసుకోండి. తెలంగాణలో 102 అమ్మఒడి వాహనం, రెండు రాష్ట్రాల్లోనూ 108 ఉన్నాయి. వాన కాలంలో మీ వాడ దాకా బండి రాదనుకుంటే, వచ్చే చోటు దాకా ఎవరు తీసుకెళ్తారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

నొప్పులు మొదలైతే ఇంట్లో ఆగొద్దు. మామూలు తల్లి ఇంట్లో కొంతసేపు ఓర్చుకోవచ్చు గానీ పాత కోత ఉన్న తల్లి వెంటనే బయలుదేరాలి. నొప్పులు రావాలని ఆముదం తాగించడం, ఆర్‌ఎంపీతో నొప్పుల ఇంజెక్షన్ చేయించడం ప్రాణాంతకం. ఆసుపత్రిలో నొప్పులు తెప్పించడానికి వాడే మిసోప్రోస్టాల్ మాత్ర కూడా నెలలు నిండిన, పాత కోత ఉన్న తల్లికి వాడకూడదు. కొత్త సిస్టరు డ్యూటీకి వచ్చిన ప్రతిసారీ "నాకు ముందు ఆపరేషన్ అయింది" అని చెప్పండి.

ప్రమాద సూచనలు ఇవి: నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర ఆగని నొప్పి, రక్తం కనపడటం, మూత్రంలో రక్తం, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం, కళ్లు తిరగడం. అన్నిటికంటే ముందు తెలిసేది బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా. అందుకే కాన్పు అయ్యేదాకా బిడ్డ గుండెను విడవకుండా గమనించాలి. పొట్ట మీద చేతులతో బలంగా నొక్కి బిడ్డను తోయడం ఏ తల్లికీ మంచిది కాదు. పాత కుట్టు ఉన్న తల్లికి అసలే కూడదు.

ఆసుపత్రిని ఎంచుకునే ముందు

పాత కోత ఉన్న తల్లికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పు చేయకూడదు. ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, మాతాశిశు కేంద్రం, బోధనాసుపత్రి వంటి చోటికే వెళ్లాలి. అక్కడైనా ఈ ప్రశ్నలు అడగాలి:

రాత్రిపూట, ఆదివారం పూట మత్తు డాక్టరు ఉంటారా, ఫోన్ చేస్తే రావాలా?
నా గ్రూపు రక్తం ఇక్కడే దొరుకుతుందా?
అవసరమైతే ఎంతసేపట్లో ఆపరేషన్ మొదలుపెట్టగలరు?
పాత కోత ఉన్నవారికి ఇక్కడ మామూలు కాన్పులు చేస్తున్నారా?
తేదీ దాటినా నొప్పులు రాకపోతే ఏం చేస్తారు?
నాతో పాటు ఒక ఆడమనిషిని కాన్పు గదిలో ఉండనిస్తారా?

"మా దగ్గర రాత్రి మత్తు డాక్టరు ఉండరు, అందుకే ప్రయత్నించం" అని ఒక ఆసుపత్రి చెబితే అది నిజాయితీ గల జవాబు. అప్పుడు వేరే ఆసుపత్రి చూసుకోవడమో, తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకోవడమో సరైన పని. జవాబు చెప్పకుండా "నీకెందుకివన్నీ" అంటే ఆలోచించాల్సిందే.

ఖర్చు సంగతి: 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు కాన్పు, సిజేరియన్ రెండూ ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను బండి కూడా ఉచితమే. ఎవరైనా డబ్బు అడిగితే అది లంచం.

సంతకం పెట్టే ముందు

సమ్మతి పత్రం మీద సంతకం అంటే చదివి వినిపించి, అర్థమయ్యాక పెట్టేది. నొప్పుల మధ్యలో, భర్త చేతో అత్త చేతో పెట్టించేది కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఒక పనికి ఇచ్చిన సమ్మతి, ప్రాణాపాయం ఉంటే తప్ప, ఇంకో పనికి సమ్మతి కాదు.

ఇది మన దగ్గర ఎందుకు ముఖ్యమంటే, పెళ్లైన 15-49 ఏళ్ల స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం. రెండో సిజేరియన్‌లోనే "ఎలాగూ పొట్ట తెరిచాం కదా" అని ట్యూబులు కట్టేయడం మామూలైపోయింది. అది తల్లి కోరుకుంటే వేరే మాట. కానీ దానికి వేరే వివరణ, వేరే సమ్మతి కావాలి. కు.ని. ఆపరేషన్ కోసమే రెండో కోతకు ఒప్పుకోవాల్సిన పని లేదు. మామూలు కాన్పు తర్వాత కూడా చిన్న కోతతో దాన్ని చేయించుకోవచ్చు.

కాన్పు గదిలో కులం

తరతరాలుగా ఊళ్లో కాన్పులు చేసిన మంత్రసానుల్లో దళిత, మంగలి కులాల స్త్రీలే ఎక్కువ. ఊరందరి బిడ్డల బొడ్డు కోసిన ఆ చేతులను కులం "మైల" అంది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అని సామెత కట్టి నవ్వింది. కాన్పులు ఆసుపత్రికి మారాక ఆ జ్ఞానానికి విలువ పోయింది. మంత్రసాని మనవరాలు ఇప్పుడు కాన్పు బల్ల మీద పడుకుని "అరవకు" అని తిట్లు తింటోంది.

దళిత స్త్రీకి అన్యాయం రెండు వైపుల నుంచీ జరుగుతుంది. ప్రైవేటులో అవసరం లేని కోత. ప్రభుత్వంలో అవసరమైనప్పుడు పట్టించుకోకపోవడం, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తరిమేయడం. మామూలు కాన్పు ప్రయత్నానికి కావాల్సింది పక్కన ఉండి గమనించే మనిషి. కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదిలో గౌరవాన్ని, తోడు మనిషిని ఆసుపత్రి నాణ్యతలో భాగం చేసింది. తెలంగాణ 2017లో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. దేశవ్యాప్త మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. డాక్టర్ల పర్యవేక్షణలో ఇలాంటి మిడ్‌వైఫ్ పక్కన ఉంటే పాత కోత ఉన్న తల్లికి చాలా ధైర్యం. మన ఏరియా ఆసుపత్రికి వారిని ఎప్పుడు ఇస్తారని సంఘాలు అడగాలి.

కులం పేరుతో దూషించినా, ఆసుపత్రిలోకి రాకుండా అడ్డుకున్నా 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. తేదీ, సమయం, డ్యూటీలో ఉన్నవారి వివరాలు తోడు వెళ్లినవారు రాసిపెట్టుకోవాలి. ముందు కాన్పు క్షేమంగా జరగనివ్వండి, ఫిర్యాదు తర్వాతైనా ఇవ్వొచ్చు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద డాక్టర్ అంబేద్కర్ మాట్లాడారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దేశానికి అవసరమని, ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని వాదించారు. దాదాపు వందేళ్ల తర్వాత కూడా తొమ్మిదో నెలలో పత్తి చేనులో ఉన్న స్త్రీకి ఆ విశ్రాంతి రాలేదు. వేతనంతో కూడిన ప్రసూతి సెలవు రోజు కూలీలకు అందదు.

చివరికి మామూలు కాన్పు అయినా, ఆపరేషన్ అయినా, తల్లి ఓడిపోయిందనో గెలిచిందనో అనడానికి లేదు. మధ్యలో ఆపరేషన్ అవసరమని డాక్టరు కారణం చెప్పినప్పుడు ఒప్పుకోవడం కూడా మంచి నిర్ణయమే. ఈ రోజు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో ఆ ప్లాస్టిక్ కవరు తీసి, కాన్పు కాగితం మీద ఆ నాలుగు అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రికి వెళ్లి అడగండి. ఉంటే, వాటి అర్థం ఆ కాగితం ఎవరిదో ఆమెకు చెప్పండి.